త్రాగునీటి బావికి ఎల్ల ఎక్కడ?

సదుం పరిసరములలో కురిసిన వానకు ఒక దారి కలదు. అది వంకలలో బడి, గార్గేయలో కలిసి, పీలేరు వైపునకు దిగి, పింఛ నది మీదుగా చెయ్యేటిని, చెయ్యేటి ద్వారా పెన్నను చేరును. మదనపల్లె వైపు కురిసినది బాహుదలో బడి అదే చెయ్యేటికి వచ్చును. దక్షిణమున పలమనేరు ప్రక్కన కురిసినది కౌండిన్యలో బడి తమిళనాడులో పాలారును కలియును. కుప్పము ప్రాంతమున పాలారే కర్ణాటకమునుండి వచ్చి, సుమారు 33 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశములో నడచి, తమిళనాడులో ప్రవేశించును. పటమును చూచినచో ఇది ఏరులు పుట్టు చోటేగాని నిండుగా పారు చోటు కాదని తెలియును. సంవత్సరము పొడవునా నీరుండు ఏరు ఈ మండలములలో ఒక్కటియు లేదు. కావున ఇచ్చటి గ్రామములు త్రాగునది ఏటి నీరు కాదు, నేలలోని నీరు.

ఈ నేల రెండు ముఖములు గలది. 2021 నవంబరు 19వ తేదీన పింఛ, అన్నమయ్య ప్రాజెక్టుల కట్టలు తెగి చెయ్యేటి ఒడ్డునగల గ్రామములు కొట్టుకొనిపోయినప్పుడు ఆ నీటిలో ఎగువ మండలములలో కురిసిన వానయు కలదు. ఆ ఎగువ మండలములలోనే, వానలు తప్పిన ఏట, వేసవిలో బిందెలు ట్యాంకరు కొరకు వరుసలో నిలుచును. వరదకును కరవునకును నడుమ నీటిని నిలిపియుంచునది రాతిపైనున్న కొద్దిమందపు మెత్తని పొరయు, దాని క్రింది పగుళ్ళును మాత్రమే. పంటకు నీరు తోడు రైతు, త్రాగుటకు తోడు గ్రామము, ఇద్దరును ఆ పొరనుండియే తోడుచున్నారు. ఈ ఇద్దరి నడుమ తగవు తీర్చుటకై శాసనములో ఒక వాక్యము వ్రాయబడినది. ఆ వాక్యములోని విజ్ఞానమును పరీక్షించుట అవసరము.

ఆ వాక్యము మొదట 1996లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూగర్భజల చట్టములో చోటుచేసికొన్నది. ఆ చట్టము ప్రత్యేకముగా త్రాగునీటి అవసరముల కొరకే చేయబడినది. తరువాత 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టములోనికి, అనగా జనులు 'వాల్టా' యని పిలుచు చట్టములోనికి, ఆ వాక్యమే ప్రవేశించినది. దాని సారాంశమిది: ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల క్రొత్తగా బావి త్రవ్వరాదు, త్రాగునీటి కొరకే త్రవ్వు ప్రజాబావులకు, చేతిపంపులకు మినహాయింపు కలదు.

ముందుగా ఈ వాక్యమునకు దక్కవలసిన గౌరవము దక్కవలెను. నీరు అందరికి చాలనప్పుడు మొదటి హక్కు దాహమునకేనని ఇది నిస్సంకోచముగా చెప్పినది. భూమి ఎవరిదో దానిక్రింది నీరు కూడ వారిదేయను పాత భావమునకు ఇది ఒక హద్దు పెట్టినది. అంతేగాక, ఈ వాక్యము వెనుక నిజమైన భౌతికశాస్త్ర సూత్రమొకటి యున్నది. బావినుండి నీరు తోడినప్పుడు బావిలోని మట్టమొక్కటే తగ్గదు. చుట్టునున్న నేలలోని నీటిమట్టముకూడ బావివైపునకు వాలి, బోర్లించిన కుచ్చుటోపీవలె ఒక గుంట యేర్పడును. బావికి దగ్గరగా వాలు ఎక్కువ, దూరమైనకొలది తక్కువ. రెండు బావులు దగ్గరగా నుండి రెండింటిని ఒకేసారి తోడినచో రెండు గుంటలు ఒకదానిపైనొకటి పడును. అప్పుడు లోతు తక్కువగల బావి ముందు ఎండును. గ్రామపు బావి సాధారణముగా లోతు తక్కువది. ప్రక్క పొలములోని బోరు దానికి రెండు మూడు రెట్లు లోతుగా దిగును. కాబట్టి రెండింటిని దూరముగా నుంచవలెననుట సక్రమమైన ఆలోచనయే.

అయితే దూరమును వృత్తముగా గీయుటలోనే చిక్కు కలదు.

నీటి గుంట నలువైపుల సమానముగా వ్యాపించవలెనన్నచో నేల నలువైపుల ఒకే తీరుగ నుండవలెను. ఫ్రెంచి ఇంజనీరు దార్సీ 1856లో దిజాన్ నగరపు త్రాగునీటి ఏర్పాట్లను గురించి వ్రాసిన గ్రంథములో నీరు ఇసుకగుండ పోవు వేగమునకు నియమము చెప్పెను. ఆయన ప్రయోగము చేసినది గొట్టములో నింపిన ఇసుకతో. గోదావరి డెల్టా ఇసుకమేటలలో ఆ నియమమును ఉన్నదున్నట్లు వాడుకొనవచ్చును. సదుం, సోమల, పుంగనూరు, కుప్పము మండలముల క్రింద ఇసుక లేదు. నైసు శిల, గ్రానైటు శిల కలవు. గట్టిరాతిలో నీరు నిలువదు. పైభాగమున ఎండకు వానకు చివికి మెత్తబడిన పొరలోను, దానిక్రింద రాయి చీలిన పగుళ్ళలోను మాత్రమే నీరుండును. పగులు ఒక వరుసలో సాగునది. ఆ వరుస వెంబడి నీరు దూరమునుండి కూడ వేగముగా వచ్చును. దానికి అడ్డముగా ఇరువది అడుగుల దూరమునుండి కూడ రాకపోవచ్చును.

ఈ సంగతి పుస్తకము చదివినవారికంటె బావి త్రవ్వినవారికి బాగుగా తెలియును. కపిల తోలిన కాలమునాటి పెద్ద బావులను చూచినచో, నాలుగు ప్రక్కలను సమానముగా ఊట యుండదు. తూర్పుజల యనియో, ఈశాన్యపు మూలజల యనియో రైతులు ఒక్క చోటును చూపుదురు. ఆ జలను తెగగొట్టినచో బావి పనికిరాదని వారికి తెలియును. అట్టి జల పోవు దారిలో 400 మీటర్ల దూరమున ఒక లోతైన బోరు పడినచో గ్రామపుబావి ఎండవచ్చును. శాసనము దానిని ఆపదు. జలకు సంబంధములేని ప్రక్కన 200 మీటర్ల దూరములో ఒక చిన్నరైతు తన యెకరమునకు బోరు వేసికొన్నచో బావికి ఏమియు కాకపోవచ్చును. శాసనము దానిని తప్పక ఆపును. హాని చేయువానిని వదలి, హాని చేయనివానిని పట్టుకొను నియమముపై జనులకు గౌరవము నిలుచుట కష్టము.

దీనికితోడు ఇచ్చటి నేలలో మరియొక విశేషము కలదు. చిత్తూరు సీమలోని పాత శిలలను చీల్చుకొని డోలరైటు అను నల్లని శిల గోడలవలె నిలిచియున్నది. కొన్నిచోట్ల ఈ గోడలు నేలపై నల్లగుండ్ల వరుసగా మైళ్ళకొలది కనబడును. ఈ జాతి నల్లరాయినే కొట్టి, మెరుగుపెట్టి, గ్రానైటు పేరుతో ఎగుమతి చేయుచున్నారు. నేలలోపల ఇట్టి గోడ నీటికి ఆనకట్టవలె పనిచేయును. ఎగువ ప్రక్క మట్టము పైకి, దిగువ ప్రక్క క్రిందికి నుండును. గోడ అంచు చితికియున్నచోట మాత్రము నీరు దానివెంబడి పారును. ఒక గ్రామపు బావికిని, ఒక పొలపు బోరునకును నడుమ ఇట్టి గోడ యున్నచో వాటి మధ్య దూరము 100 మీటర్లైనను 1000 మీటర్లైనను ఒకటే. కొలగొలుసు పట్టుకొని భూమిపై నడచు సర్వేయరునకు ఈ గోడ లెక్కలోనికి రాదు.

ఇక ఆ వలయములో నీరెంత యుండునో విద్యార్థులు తామే లెక్కకట్టవచ్చును. 250 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తపు వైశాల్యము సుమారు 1,96,000 చదరపు మీటర్లు, అనగా 48 ఎకరములకు కొంచెము పైబడినది. ఈ పడమటి మండలములలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన అనుకొందము. చివికిన గ్రానైటు, నైసు నేలలలో వానలో 8 నుండి 11 శాతము మాత్రమే భూగర్భమునకు దిగునని మన దేశమున భూగర్భజలములను లెక్కించువారు పాటించు ప్రమాణము. పదిశాతము తీసికొన్నచో 70 మిల్లీమీటర్లు. దీనిని వైశాల్యముతో గుణించినచో ఏడాదికి సుమారు 13,700 ఘనపు మీటర్లు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అని నిర్ణయించినది. అది ఏడాదికి 20 ఘనపు మీటర్లు. అనగా వలయములో ఇంకిన నీరంతయు ఒక్క బొట్టు పోకుండ గ్రామమునకే వచ్చినను సుమారు 680 మందికి సరిపోవును. చిన్నపల్లెకు ఇది తక్కువేమియు కాదు. కాబట్టి 250 అను అంకె అర్థములేనిదని త్రోసివేయుట న్యాయముకాదు.

అయితే ఆ నీరంతయు గ్రామమునకు రాదు. ఈ సీమకు టమాటా పంట పేరు తెచ్చినది. మదనపల్లె విపణి దేశమంతటికి తెలిసినది. టమాటా పైరు కోతవరకు సుమారు 500 మిల్లీమీటర్ల నీరు త్రాగునని తీసికొన్నచో ఎకరమునకు 2,000 ఘనపు మీటర్లు కావలెను. వలయములోని 48 ఎకరములలో ఏడెకరములలో ఒక్కసారి టమాటా పండించినచో ఏడాదిపాటు ఇంకిన నీరు చెల్లిపోవును. బిందుసేద్యముచే ఈ లెక్క కొంత తగ్గును. రెండు పంటలు పెట్టినచో ఎంతో పెరుగును. శాసనములోని హద్దు క్రొత్తగా త్రవ్వు బావిని గురించినది. ముందునుండి ఉన్న బావి వనరునకు హాని చేయుచున్నట్లు తేలినచో దానినాపు అధికారము వేరుగా కలదన్నది నిజమే. కాని తేలుట ఎట్లు? అందుకు గ్రామపుబావి మట్టమును ఏళ్ళతరబడి కొలిచి వ్రాసిన పుస్తకము కావలెను. అట్టి పుస్తకము లేనిచోట హాని నిజమైనను రుజువు కాదు. రుజువు లేనిచోట ఏ అధికారియైనను పొరుగువాని బోరును ఆపుటకు వెనుకాడును.

వలయమునకు మరియొక లోపము కలదు. అది మొదటిదానికంటె ముఖ్యమైనది. వలయమునకు ఎగువ దిగువలు లేవు, నీటికి కలవు.

రాయలసీమ గ్రామములలో పాత త్రాగునీటి బావి తరచు చెరువు కట్టకు దిగువన ఉండును. ఇది యాదృచ్ఛికము కాదు. చెరువు నిండినచో కట్టక్రింద ఊట పెరుగును, బావి నిండును. చెరువు నిండవలెనన్నచో ఎగువ కొండవాలునుండి వంక తెగకుండ రావలెను. పై చెరువు మరవ పోయి క్రింది చెరువునకు నీరు దిగవలెను. ఇట్లు ఒక ఊరి బావికి నిజమైన ఎల్ల ఒక్కొక్కప్పుడు మూడు నాలుగు కిలోమీటర్ల ఎగువన, వేరొక పంచాయతీలోని గుట్టపై ఉండును. ఆ గుట్టపై చెట్టు పోయినను, వంకను చదునుచేసి పొలములో కలుపుకొన్నను, వంకలోని ఇసుకను లారీలకెత్తినను బావికి తగులును. శాసనపు కొలతకు ఇవేవియు అందవు.

వింతయేమనగా, ఈ శాసనము క్రిందనే 2004లో చేయబడిన నియమములు ఇసుక విషయములో నీటి నడకను చక్కగా గుర్తించినవి. వాగులను వరుసక్రమములుగా విభజించు పద్ధతి భౌగోళికశాస్త్రములో ప్రసిద్ధము. హార్టన్ 1945లో చెప్పినదానిని స్ట్రాలర్ 1952లో సవరించెను. కొండవాలున మొట్టమొదట ఏర్పడు సన్నని వాగు మొదటి క్రమము. అట్టివి రెండు కలిసినచో రెండవ క్రమము. రెండవవి రెండు కలిసినచో మూడవ క్రమము. మొదటి మూడు క్రమముల వాగులలో స్థానిక అవసరమునకు తప్ప ఇసుక తీయరాదని ఆ నియమములు చెప్పుచున్నవి. ఎగువ సన్నవాగులలోని ఇసుక వాననీటిని పట్టి నిదానముగా నేలకు ఇచ్చునను శాస్త్రజ్ఞానము ఈ నియమములో ఇమిడియున్నది. సదుం వంటి ఎగువ మండలములలోని వాగులలో అధికభాగము ఈ చిన్న క్రమములకు చెందినవే. కాని ఇసుక నియమమును వ్రాసిన చేయి బావి నియమమును తిరిగి చూడలేదు. ఇసుక విషయములో నీరు ఎటునుండి ఎటు పోవునో శాసనమునకు తెలియును. బావి విషయములో తెలియదు. ఒకే శాసనములో ఈ రెండు జ్ఞానములు ఒకదానినొకటి పలుకరించుకొనక ప్రక్కప్రక్కన కూర్చున్నవి.

ఎగువ దిగువల సంగతి తెలిసిన పాతపత్రమొకటి ఈ ప్రాంతమునకు సంబంధించినదే కలదు. 1892 ఫిబ్రవరి 18న మద్రాసు ప్రభుత్వమునకును మైసూరు సంస్థానమునకును కుదిరిన ఒప్పందమది. మైసూరు తన భూభాగమున పేర్కొనబడిన పదునైదు నదులపై, మద్రాసు అనుమతి ముందుగా పొందక, క్రొత్త నీటిపారుదల జలాశయములు కట్టరాదని అందులో షరతు. ఆ పట్టికలో ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని, పాలారు కలవు. మద్రాసుకూడ ఇష్టము వచ్చినట్లు అనుమతి నిరాకరించుటకు వీలులేదు. అప్పటికే సంక్రమించి వాస్తవముగా అనుభవములోనున్న హక్కును కాపాడుకొనుటకు మాత్రమే నిరాకరింపవచ్చును. ఎగువవాడు చేయు పని దిగువవానికి తగులునని, కనుక ముందు అడుగవలెనని ఆ పత్రము గ్రహించినది. 110 ఏండ్ల తరువాత వచ్చిన చట్టములోని బావి నియమమునకు ఈ గ్రహింపు కొరవడుట విచారకరము.

ఆ పత్రమునకు గల లోపములును తక్కువవి కావు. అది నేలమీది నీటినే చూచినది. నేలలోపలి నీటిని చూడలేదు. దాని దృష్టి అంతయు పొలములకు పారు నీటిపైననే. బిందెతో మోయు నీరు అందులో లెక్కకు రాలేదు. పైగా బలవంతుడైన దిగువవాడు వ్రాయించుకొన్నదని మైసూరు వారు చిరకాలము చెప్పుకొన్నారు. అందును కొంత నిజము కలదు. దాని ఫలితము నేటికిని పాలారుపై కనబడుచున్నది. కుప్పము వద్ద గణేశపురమున ఆనకట్ట కట్టుటకు ఆంధ్రప్రదేశ్ సంకల్పించగా, తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 2016లో పుల్లూరు దగ్గరి చెక్‌డ్యామును అయిదడుగులనుండి పండ్రెండు అడుగులకు పెంచగా మరల కోర్టుకు పోయినది. చెక్‌డ్యాము కంటికి కనబడును. దాని ఎత్తు అడుగులలో కొలువవచ్చును. కావున తగవు దానిపైననే నడచుచున్నది. సరిహద్దునకు రెండు ప్రక్కల ఏటిగట్టు వెంబడి వేసిన బోరులు రాత్రింబవళ్ళు తోడు నీరు కంటికి కనబడదు. ఏటి యిసుకలో దాగి పారు ప్రవాహము ఈ బోరులలోనికే పోవుచున్నది. దానిని గురించి వాదించుటకు 1892నాటి పత్రములో ఒక్క మాటయు లేదు.

ఈ రెండు పత్రములను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో ఒక సంగతి స్పష్టమగును. పాతదానికి దిక్కు తెలియును, లోతు తెలియదు. క్రొత్తదానికి లోతు తెలియును, దిక్కు తెలియదు. త్రాగునీటి బావిని కాపాడుటకు రెండును కావలెను.

నీటి పరిమాణము ఒక యెత్తు, గుణము మరియొక యెత్తు. పైపొర ఎండినచో గ్రామములు లోతునకు పోవును. లోతులో నీరు రాతితో చిరకాలము నానియుండును. అభ్రకము, హార్న్‌బ్లెండు, అపటైటు వంటి ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలోనికి దిగును. మన దేశములో ఫ్లోరైడుచే ఎముకలు వంగు వ్యాధిని మొదట 1937లో నెల్లూరు జిల్లానుండి షార్టు మున్నగువారు ప్రకటించిరి. ఆనాటి మద్రాసు రాజధానిలోని తెలుగునేల ఈ విషయమున శాస్త్రగ్రంథములకెక్కినది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. భారతీయ ప్రమాణము ఒక మిల్లీగ్రామునే కోరదగిన హద్దుగా నుంచి, వేరు వనరు లేనిచో 1.5 వరకు ఓర్చుకొనవచ్చునన్నది. పైపొరలోని తీయని నీటిని పంటలకు తోడివేసి, గ్రామమును అడుగునకు దింపుట యనగా ఫ్లోరైడు అపాయమును కొనితెచ్చుకొనుటయే. బావిలో నీరున్నదా లేదా అని మాత్రము చూచు నియమము ఈ హానిని పట్టుకొనలేదు.

నేలపైనుండి వచ్చు కల్మషము వేరు. పేడదిబ్బలు, మరుగుదొడ్ల గుంతలు, చల్లిన ఎరువులు వీటినుండి నైట్రేటును, సూక్ష్మజీవులును దిగును. నైట్రేటునకు మన ప్రమాణము లీటరునకు 45 మిల్లీగ్రాములు. నీటిని కలుషితము చేయరాదను సాధారణ నిషేధము చట్టములో నున్నను, బావికి ఎంత దూరములో ఏది ఉండవచ్చునో, ఏది ఉండరాదో 250 మీటర్ల వాక్యము చెప్పదు. వలయములోపల బోరు వేయరాదు, పేడదిబ్బ వేయవచ్చును.

ఇంగ్లండులో ఈ చిక్కును మరియొక విధముగా విప్పిరి. అచ్చట త్రాగునీటి బావి చుట్టు మూడు మండలములు గుర్తింతురు. నేలలోని నీరు 50 రోజులలో బావిని చేరగల మేర మొదటిది. నేలలోబడిన రోగక్రిములలో అధికభాగము ఆ కాలములో నశించునను అనుభవము దీనికి ఆధారము. 400 రోజులలో చేరగల మేర రెండవది. బావికి నీరిచ్చు పరీవాహక ప్రదేశమంతయు మూడవది. దూరమును మీటర్లలో గాక రోజులలో కొలుచుట ఇందలి కీలకము. చిత్రముగా 250 మీటర్ల అంకె అచ్చటను కనబడును: రెండవ మండలము చిన్న బావులకైనను 250 మీటర్లకు తక్కువ కారాదు, పెద్దవాటికి 500. అచ్చట ఆ అంకె మొదటి మెట్టు. ఇచ్చట చివరి మెట్టు. అయితే ఇంగ్లండు పద్ధతిని యథాతథముగా దింపుకొనుటయు తప్పే. పగుళ్ళలో నీరు ఇసుకలోకంటె వేగముగా పోగలదు. అందుచే సదుం వంటిచోట 50 రోజుల మేర ఒక దిక్కున మిక్కిలి సాగి, మరియొక దిక్కున ముడుచుకొని, సొరకాయ ఆకారమున ఉండవచ్చును. ఆ ఆకారమును కనుగొనుటకు పటముచాలదు. బావిని తోడి, చుట్టుప్రక్కల బావులలో మట్టము ఎట్లు తగ్గుచున్నదో గంటగంటకు కొలువవలెను.

ఎగువవానికి కట్టడి మాత్రము చేసి ఊరకుండినచో అది నిలువదనుటకు న్యూయార్కు నగరపు ఉదాహరణము తగును. ఆ నగరము తన నీరు వచ్చు కాట్‌స్కిల్ కొండల గ్రామములతో 1997లో ఒడంబడిక చేసికొన్నది. కొండలలోని రైతులు పశువులను వాగులలోనికి పోనీయక కాపాడవలెను. మురుగు గుంతలు బాగుచేసికొనవలెను. అందుకు సొమ్ము నగరము ఇయ్యవలెను. దిగువవాడు ఎగువవానిని అడుగుటయేగాక, అడిగినందుకు ఇచ్చుటయు ఇందులో కలదు. సదుం మండలములో గుట్టవాలున పొలము గల చిన్నరైతును వంక చదును చేయవద్దని చెప్పినప్పుడు, అతడు వదలుకొన్న అరయెకరమునకు ఎవరు ఏమి ఇత్తురను ప్రశ్న మన నియమములలో ఎచ్చటను లేదు. కాగితముపై నిషేధములు నిలిచి నేలపై నిలువకపోవుటకు ఇది ఒక పెద్ద కారణము.

దేశములోనే, ఈ జిల్లాలోనే జరిగిన ప్రయత్నమొకటి శాసనముకంటె ముందడుగు వేసినది. 2003 మొదలు 2009 వరకు చిత్తూరు, అనంతపురము మున్నగు ఏడు జిల్లాలలో ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల భూగర్భజల నిర్వహణ పథకమొకటి నడచినది. అందులో గ్రామమును కాక వాగు పరీవాహకమును లెక్కకు ప్రమాణముగా తీసికొనిరి. రైతులు, అందు స్త్రీలుకూడ, వానమాపకమును చదివిరి. బావులలో మట్టమును పదునైదు దినములకొకసారి కొలిచి గోడపై వ్రాసిరి. రబీకి ముందు కూర్చుండి, ఈ ఏడు ఇంకిన నీరెంత, వేయబోవు పైరులకు కావలసినదెంత అని ఆదాయవ్యయపు లెక్క వేసిరి. ఎవరి బోరును ఎవరును మూయించలేదు. లెక్క తెలిసిన పిదప పైరు మార్చుకొనుట రైతు ఇష్టము. ఇట్లు లెక్క ముందు, నిర్ణయము తరువాత రావలెనను క్రమము మిక్కిలి విలువైనది. ఆ పథకములో లోపమును చెప్పవలెనన్నచో, అది పంటనీటి లెక్కలో ఎంత నిపుణత చూపినదో త్రాగునీటి బావి విషయములో అంత చూపలేదు. లెక్కలో మొదటి పంక్తిని త్రాగునీటికి వ్రాసి, మిగిలినదానిని పైరులకు పంచుట అట్టి పద్ధతిలో సులభమే.

ఇంత విమర్శించిన పిదప, హంద్రీ-నీవా కాలువ వచ్చినదిగదా, కృష్ణాజలములు పుంగనూరు దాటి 2025లో కుప్పము పరమసముద్రము చెరువును చేరినవిగదా, ఇక ఈ బావుల గొడవ ఏల అని అడుగువారుందురు. వందల కిలోమీటర్లు పంపులతో ఎత్తిపోయబడి వచ్చు నీరు ఈ సీమకు గొప్ప వరమే. కాని కాలువ చివరనున్న ఊరికి, శ్రీశైలములో నీరు తక్కువైన ఏట, ఆ వరము అందుట సందేహము. అందిన ఏటనైనను ఆ నీరు చెరువులో నిలిచి, కట్టక్రిందకు ఊరి, అదే పగుళ్ళగుండ అదే బావులలోనికి రావలెను. నడుమ తోడువాడు అదే బోరుతో తోడును. పై నుండి పోసిన నీరు ఎక్కువైనప్పుడు కుండకు చిల్లి ఎచ్చటనో తెలిసికొనుట మరింత అవసరమగును.

శాసనమును సవరించువారు 250 మీటర్ల హద్దును తీసివేయ నక్కరలేదు. దానిని కనిష్ఠముగా నుంచి, ప్రతి ప్రజావనరునకు దాని పరీవాహకమును పటముపై గుర్తించి, ఎగువవైపు వాగులకు, పగులు సాగు దిక్కునకు రక్షణను పొడిగించి, జలకు సంబంధములేని దిక్కున సడలించినచో చాలును. భూగర్భజల శాఖలోని నిపుణులకు ఇది తెలియని విద్య కాదు. పగుళ్ళ వరుసలు ఉపగ్రహ చిత్రములలో కనబడును. బోరు వేయు చోటును వెదకుటకు వారు వాటిని దినదినము వాడుచున్నారు. నీరు వెదకుటకు వాడు విద్యను నీరు కాచుటకు వాడమని అడుగుటయే ఇది.

ఉన్నత పాఠశాలల వారు ఇందులో చేయగల పని చాల కలదు. అది ఏ శాసనము కొరకును కాచుకొనియుండ నక్కరలేదు. సర్వే ఆఫ్ ఇండియా వారి 57కె సంఖ్యగల పటములలో సదుం, పుంగనూరు, మదనపల్లె కలవు. అందులో తమ ఊరి బావిని గుర్తించి, సమోన్నత రేఖలనుబట్టి ఏ వాన ఆ బావివైపు వచ్చునో పెన్సిలుతో గీయుట తొమ్మిదవ తరగతి విద్యార్థికి ఒక సాయంకాలపు పని. గీచినదానిని చేతబట్టి ఆదివారము వంకవెంట నడచినచో, పటములో నున్న వాగు నేలపై ఎచ్చట మాయమైనదో కనబడును. బరువు కట్టిన తాడునకు సుద్ద పూసి బావిలో దించినచో ఎంతవరకు తడిసినదో చూచి మట్టమును తెలిసికొనవచ్చును. బావి ఒరపై ఒకేచోటనుండి, తెల్లవారి పంపులు ఆడకముందు, మే నెలాఖరున ఒకసారి, రెండు ఋతుపవనములును ముగిసిన తరువాత డిసెంబరులో ఒకసారి కొలువవలెను. ఒక ఏటి రెండు అంకెలు ఏమియు చెప్పవు. అయిదేండ్ల పది అంకెలు, వాటి ప్రక్కన అదే అయిదేండ్ల వాన లెక్క ఉన్నచో, బావి ఎండుట వాన తప్పినందువలననా, తోడినందువలననా అని విడదీయవచ్చును. ప్రక్కపొలపు బోరు వలన హాని కలిగినదో లేదో తేల్చవలసిన అధికారి బల్లపై నేడు లేని పుస్తకము అదియే.